పప్పు ఉడికితేనే నీళ్ళు

మా అయ్యగారు పుల్‌పిట్ దగ్గర కళ్ళు మూసుకుని, "దేవుడు నా హృదయంతో మాట్లాడాడు" అన్నారంటే, ఆ వారం యూత్ వాళ్ళు ఏదో ఒక బరువు మోయబోతున్నారని అర్థం. పోయినసారి మాట్లాడినప్పుడు ఫంక్షన్ హాలు నుంచి బెంచీలు మోశాం. అంతకుముందు మాట్లాడినప్పుడు జనరేటరు. ఈసారి నీళ్ళ గురించి మాట్లాడాడు.

కనిగిరి అవతల ఎర్రగుంటపాలెం అనే ఊళ్ళో బోరు నీళ్ళ నిండా ఫ్లోరైడు. అవి తాగి పిల్లల పళ్ళు గారపడుతున్నాయి, పెద్దవాళ్ళ కీళ్ళు బిగుసుకుపోతున్నాయి. మా చర్చి ఏడాదిపాటు కానుకలు పోగేసి ఆ ఊరికి ఒక ఫిల్టర్ ప్లాంటు కొంది. దాన్ని తీసుకెళ్ళి, పెట్టి, నడిపించి రావాలి. నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. జనం చేతులకి సూదులు గుచ్చి జీతం తీసుకునే ఉద్యోగం. "రక్తం పరీక్ష చేసేవాడికి నీళ్ళొక లెక్కా? వీడు వస్తాడు" అని అయ్యగారు మైకులోనే ప్రకటించేశారు. మైకులో చెప్పాక కాదనడం మా ఇంట్లో ఆనవాయితీ లేదు. అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది.

గుంటూరు నుంచి ఒంగోలు

గురువారం పొద్దున్నే బయలుదేరాం. ట్రక్కు వెనకాల ప్లాంటు, దాని పక్కన ఒక పాలరాతి పలక. పలక మీద దాతల పేర్లు, అన్నిటికంటే పైన అయ్యగారి పేరు, అన్నిటికంటే కింద మా నాన్న పేరు. ముందు సీట్లో ముగ్గురం. డ్రైవరు కోటన్నది పెదకాకాని. నుదుటి మీద మూడు విభూతి రేఖలు, డాష్‌బోర్డు మీద శివలింగం. పక్కన తెల్ల చొక్కాలో అయ్యగారు, ఒళ్ళో బైబిలు. మధ్యలో గేరు రాడ్డుకి అడ్డంగా నేను. రెండు మతాల మధ్య సామరస్యం ఎంత ఇరుకుగా ఉంటుందో నా మోకాళ్ళకి తెలిసింది.

"అయ్యగారూ, బయలుదేరేముందు మీరు ప్రార్థన చేసుకోండి, నేను నిమ్మకాయ తొక్కిస్తా," అన్నాడు కోటన్న.

"నిమ్మకాయ ఎందుకు కోటేశూ? ప్రభువు కాపాడతాడు."

"బండి ఫైనాన్సులో ఉందండీ. ఇద్దరు కాపాడితే మంచిది."

అయ్యగారు ప్రార్థన ముగించేలోపు టైరు కింద నిమ్మకాయ టప్‌మంది. ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.

మిర్చి కోతల రోజులు. చిలకలూరిపేట దాటేదాకా గాలి ఘాటుగానే ఉంది. గుంటూరువాళ్ళం మేం తుమ్మం, అదొక పౌరుషం. అయ్యగారు మాత్రం తొమ్మిదిసార్లు తుమ్మారు. ఆయన ఊరు ఏలూరు.

ఒంగోలు బైపాస్ దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై. బ్రాడీపేటలో అదే నలభైకి ఇడ్లీ చిన్నదిగా ఉంటుంది గానీ నాలుగు రకాల చట్నీలు పోస్తారు. ఇక్కడ ఇడ్లీ పెద్దది, చట్నీ ఒక్కటే. పొదిలి దాటాక పొలాలు ఎర్రబడ్డాయి. పత్తి తీసేసిన మోళ్ళు, అక్కడక్కడ కంది, ఆ తర్వాత ఏమీ లేదు. కనిగిరిలో టీ తాగుతుంటే కొండ మీద కోట కనిపించింది. "ఎక్కి చూద్దామా?" అన్నాను. అయ్యగారు ట్రక్కు వైపు చూసి, "ముందు దీన్ని దించు," అన్నారు.

ఎర్రగుంటపాలెం

ఊరికీ కాలనీకీ మధ్య ఒక రోడ్డుంది. వెడల్పు పన్నెండడుగులు. ఇటు కాలనీ, చర్చి. అటు ఊరు, రామాలయం. పన్నెండడుగులు దాటడానికి ఎంతసేపు పడుతుందన్నది ఎవరు దాటుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

చర్చి ముందు నలభై, యాభై మంది మా కోసం నిలబడి ఉన్నారు. దండలు వేశారు. తర్వాత స్టీలు గ్లాసుల్లో నీళ్ళు ఇచ్చారు. నేను అనుమానంగా గ్లాసు లోపలికి చూస్తుంటే ఒక పెద్దావిడ నవ్వి, "తాగు బాబూ, కనిగిరి నుంచి తెప్పించిన టిన్ను. మా నీళ్ళు చుట్టాలకి పొయ్యం," అంది. ఊరికి నీళ్ళు తెచ్చామని దండలు వేయించుకుని, వాళ్ళు కొన్న నీళ్ళు తాగాం. యాత్ర అలా మొదలైంది.

ఆవిడ పేరు దీనమ్మ. స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. మోకాళ్ళు వంగవు, అందుకని పడవలా అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంది. నవ్వితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. సిగ్గనుకున్నాను. తర్వాత చూస్తే ఆ ఊళ్ళో అందరూ అలాగే నవ్వుతారు, మగవాళ్ళు కండువా అడ్డం పెట్టుకుంటారు. పళ్ళు కనపడకుండా.

అయ్యగారు, "తలలు వంచి ప్రార్థన చేసుకుందాం," అన్నారు. నేను ఒక కన్ను తెరిచి చూడటం చిన్నప్పటి నుంచీ అలవాటు. ముందు వరసలో ముసలివాళ్ళు ఒక్కరూ తల వంచలేదు. నిటారుగా, సరాసరి మా మొహాల్లోకి చూస్తూ నిలబడ్డారు. ఏం పొగరురా వీళ్ళకి అనుకున్నాను. ఆమెన్ అయ్యాక దీనమ్మని అడిగాను కూడా, కొంచెం వెటకారంగా.

"వంగవు బాబూ," అంది. "మెడ ఎముకలు పట్టేశాయి. కళ్ళు మూసుకుంటాం, దేవుడు అర్థం చేసుకుంటాడులే."

 

రాత్రి భోజనం దీనమ్మ ఇంట్లోనే. సజ్జ రొట్టె, ఉల్లికారం, పప్పు. ఉల్లికారం తిని గుంటూరువాణ్ణి నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. పప్పు మాత్రం ఉడక్క, తుపాకి ఛర్రా గుండ్లలా గట్టిగా ఉంది. అన్నం లేత పసుపు రంగు.

"పొద్దున పొయ్యి మీద పెడితే ఈ మాత్రం ఉడికింది. మా నీళ్ళంతే," అంది.

అప్పుడే తన సంగతి చెప్పింది. ఒక్కతే కూతురు సుజాత, మంగళగిరిలో ఇచ్చారు. తొలి కాన్పుకి పుట్టింటికి తెచ్చుకోవాలి కదా. వియ్యపురాలు ఎస్తేరమ్మ పంపనంది. 'నా కోడలికీ, కడుపులో బిడ్డకీ ఆ నీళ్ళు తాగించను' అంది. కాన్పు అక్కడే అయింది. పాపకి ఇప్పుడు తొమ్మిదో నెల. అమ్మమ్మ గడప ఇంకా తొక్కలేదు.

"ఆవిడ మీద కోపం లేదా?" అన్నాను.

"కోపమెందుకు? నా పళ్ళు చూసి ఏ తల్లయినా అదే అంటుంది. ప్లాంటు వస్తుందని చెప్పా. ఆదివారం తనే వస్తానంది, కోడల్నీ పాపనీ తీసుకుని. నీళ్ళు చూసి నమ్మితే పది రోజులు ఉంచుతుంది. లేదంటే సాయంత్రం బస్సుకే తీసుకెళ్ళిపోతుంది."

అయ్యగారు రొట్టె పక్కన పెట్టి, గంభీరంగా, "దీనమ్మా, ఆదివారానికి ఈ ఊళ్ళో జీవజలాలు పారతాయి," అన్నారు.

"కరెంటుంటే," అన్నాడు కోటన్న.

శుక్రవారం: ఒక రిజిస్టరు కథ

ఒంగోలు నుంచి మెకానిక్ వచ్చి మధ్యాహ్నానికల్లా ప్లాంటు బిగించేశాడు. చర్చి ప్రహరీ లోపల షెడ్డు, షెడ్డు లోపల ప్లాంటు, కుళాయికి పైన గోడకి ఆనించి మా పాలరాతి పలక. ప్లాంటుకి కావలసిన బోరు నీళ్ళు రోడ్డుకి అటుపక్క నుంచి వస్తాయి. ఊరి పెద్ద రోశయ్య గారు తన పొలంలో బోరు నుంచి పైపు వేసుకోనిచ్చారు. ఆయన మోకాళ్ళూ దీనమ్మ మోకాళ్ళలాంటివే. నీళ్ళకి ఆ రోడ్డు సంగతి తెలియదు కదా.

నేను రెండు సీసాల్లో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేశాను. బోరు నీళ్ళు పసుపు రంగుకి తిరిగాయి, అంటే ఫ్లోరైడు ఎక్కువ. ప్లాంటు నీళ్ళు గులాబీ రంగులోనే ఉన్నాయి, అంటే భేష్. పైకెత్తి అందరికీ చూపించాను. చప్పట్ల కోసం ఆగాను.

"రంగులు బాగున్నాయి," అన్నాడొక తాత. గ్లాసెడు తాగి మొహం చిట్లించాడు. "చప్పగా ఉన్నాయేంట్రా? వీటిల్లో నీళ్ళు లేవు."

ఇంకొకావిడ షెడ్డు వెనక పైపులోంచి గుంటలోకి పారుతున్న వృథా నీళ్ళు చూసి గుండెలు బాదుకుంది. బిందెడు మంచినీళ్ళకి బిందెడు నీళ్ళు బయటికి పోతాయి, అవి గిన్నెలు తోముకోవడానికే పనికొస్తాయి అని చెబితే, "మీది గుంటూరు కదా, కాలవ పక్కన పుట్టారు," అంది. 

అయినా జనం వచ్చారు. కాలనీ నుంచీ, రోడ్డు అవతల నుంచీ కూడా. ఇంటింటికీ ఒక కార్డు ఇవ్వాలి కాబట్టి పేర్లు రాయమన్నారు అయ్యగారు. పుస్తకం తేవడం మర్చిపోయాను. చర్చిలో గడులు గీసిన మంచి రిజిస్టరు ఒకటి కనపడింది, కొత్తగా గుడికొచ్చేవాళ్ళ వివరాలు రాసేది. పేరు, ఇంటి పేరు, ఎంతమంది, ఫోన్ నంబరు, బాప్తిస్మం. గడులు ఉన్నాయి కదా అని అందులోనే రాసేశాను. మా చర్చిలో రెండేళ్ళు ఆ పుస్తకం రాసింది నేనే. చెయ్యి తిరిగిపోయింది. ఆ చివరి గడిలో ఏం రాయాలో చేతికే తెలుసు. తీసుకున్నవాళ్ళకి తేదీ, తీసుకోనివాళ్ళకి 'ఇంకా లేదు'.

సాయంత్రం రోశయ్య గారు వచ్చారు. చేతిలో ఫోను. మనవడెవరో నా రిజిస్టరు పేజీ ఫోటో తీసి పంపాడు.

"ఏమండీ, ఈ అంజమ్మ మా ఆవిడ," అన్నారు. "బాప్తిస్మం, 'ఇంకా లేదు' అని రాశారు. ఇంకా అంటే ఏంటండీ? ఎప్పుడు పెట్టుకున్నారు ముహూర్తం?"

నేను నోరు తెరిచాను. రక్తం తీసేటప్పుడు నరం దొరకకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

"అది... అలవాటులో రాశానండీ."

"నీకు అలవాటు. మా ఇంట్లో రోజూ పూజ చేసుకునే మనిషి ఏడుస్తోంది. ఊరంతా 'నీళ్ళు తాగితే పేరు రాసుకుంటున్నారంట' అంటున్నారు. నేనే కదా బోరు ఇచ్చింది, నన్నే తిడుతున్నారు." ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "పలకేమో చర్చిది, గోడేమో చర్చిది, పుస్తకమేమో చర్చిది. ఇక నీళ్ళు ఊరివెలా అవుతాయి? మోటారు ఆపేస్తున్నా."

అయ్యగారు ఆయన వెళ్ళాక నాకేసి చూసి, "ఒరేయ్ జాన్సనూ, నిన్ను నేను కోప్పడను," అన్నారు. తర్వాత అరగంట కోప్పడ్డారు.

దీనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్కమాటే అడిగింది. "ఆదివారానికి వస్తాయా బాబూ, నీళ్ళు?"

శనివారం: రోడ్డు మీద రెండు పొయ్యిలు

పొద్దున అయ్యగారు, ఊరి ముందు నిలబడి నేను కన్నీళ్ళతో రిజిస్టరు చింపేయాలి, ఆయన క్షమాపణ ప్రసంగం చేయాలి అని పథకం వేశారు. అది గట్టి బైండింగు, అంత తేలిగ్గా చిరగదని చెప్పాను.

"మీ ప్రసంగాలకి పప్పు ఉడకదు అయ్యగారూ," అంది దీనమ్మ. అంటూనే బయటికి నడిచింది. సరిగ్గా రోడ్డు మధ్యలో, ఇటూ కాని అటూ కాని చోట, రాళ్ళు పేర్చి రెండు పొయ్యిలు పెట్టింది. ఒక తపేలాలో బోరు నీళ్ళు. రెండోదానిలో, నిన్న ప్లాంటు ట్యాంకులో మిగిలిన నీళ్ళు. రెండిట్లోనూ ఒకే శేరుతో కొలిచి కందిపప్పు పోసింది.

"ఆ పుస్తకం ఇటివ్వు," అంది నన్ను. ఇచ్చాను. నేను రాసిన పేజీలు వేళ్ళతో పట్టి ఒక్క లాగు లాగి రెండు పొయ్యిల్లోనూ అంటించింది. గట్టి బైండింగు అనుకున్నది నేనే. అంజమ్మ గారి బాప్తిస్మం, 'ఇంకా లేదు'తో సహా, పత్తి కంప అంటుకోవడానికి పనికొచ్చింది.

జనం చేరారు. రోడ్డుకి ఇటు కొంతమంది, అటు కొంతమంది. స్కూల్లో రెండువైపుల పిల్లలకీ దీనమ్మే వండుతుంది, కాబట్టి ఆవిడ పొయ్యి ముందు కూర్చుంటే ఎవరూ పరాయిగా చూడరు. వాళ్ళ పిల్లలు రోజూ ఇంటికెళ్ళి "పప్పు గట్టిగా ఉంది" అని చెబుతూనే ఉంటారు.

అటువైపు నుంచి ఒకడు అరిచాడు. "నీళ్ళలో ఏం కలిపారో ఎవరికి తెలుసు?"

ట్రక్కు టాపు మీద కూర్చున్న కోటన్న దిగాడు. చెంబు ముంచుకుని గటగటా తాగి, నుదురు చూపించాడు. "నాది పెదకాకాని. సోమవారం శివుడి గుడికి వెళ్ళకుండా ముద్ద ముట్టను. నిన్నటి నుంచి ఇవే తాగుతున్నా. చూడండి, మూడు గీతలూ ఉన్నాయా, ఒకటేమైనా చెరిగిందా?"

"ఉన్నాయి, ఉన్నాయి," అని ఎవరో నవ్వారు. కండువా అడ్డం పెట్టుకునే.

ముప్పావు గంటకి రెండో తపేలాలో పప్పు కరిగిపోయింది. గరిటె తిప్పితే మెత్తగా జారింది. మొదటి తపేలాలో గింజలు గింజల్లాగే ఉండి, నీళ్ళలో కసరత్తు చేస్తున్నాయి. నా గులాబీ రంగు సీసాకి రాని నిశ్శబ్దం దానికి వచ్చింది.

రోశయ్య గారు రోడ్డు మీదికి దిగి ముందుకొచ్చారు. అరచెయ్యి చాచారు. దీనమ్మ ఆయన మొహంలోకి ఒకసారి చూసి, గరిటెతో కొంచెం పప్పు వేసింది. వేళ్ళతో మెదిపారు. నోట్లో వేసుకున్నారు. ఆ ఊళ్ళో రోడ్డు మీద అందరూ చూస్తుండగా అలా ఎప్పుడైనా జరిగిందో లేదో నేను అడగలేదు. జరగలేదని జనం ఊపిరే చెప్పింది.

"ఉప్పు లేదు," అన్నారు.

"నీళ్ళకి పరీక్ష, ఉప్పుకి కాదు," అంది దీనమ్మ.

ఆయన అయ్యగారి వైపు తిరిగారు. "కుళాయి రోడ్డు మీదికి తెండి. రోడ్డు ఎవరిదీ కాదు. పేర్లు వద్దు, కార్డులు వద్దు. ఇప్పుడే వెళ్ళి మోటారు వేస్తా."

రోడ్డు మీదికి తేవాలంటే ప్రహరీకి కన్నం పెట్టాలి. ఆ ప్రహరీ కట్టడానికి అయ్యగారు నాలుగు చర్చిలు తిరిగి ఇటుకలు అడిగారని దారిలో రెండుసార్లు చెప్పారు. ఆయన ఒక నిమిషం గోడ వైపు చూశారు. తర్వాత చొక్కా చేతులు మడిచి, గునపం తీసుకుని తనే మొదటి దెబ్బ కొట్టారు. రెండోది కొట్టారు. మూడోదానికి ఆగి, రొప్పుతూ, "ఒరేయ్ జాన్సనూ, దేవుడు నా హృదయంతో మాట్లాడాడు," అని గునపం నా చేతికిచ్చారు.

సాయంత్రానికి పైపు బయటికి వచ్చింది. కుళాయి కింద బిందెలు పెట్టుకోవడానికి చదునైన రాయి కావాలి. ఆ ఎర్రమట్టిలో చదునైనది ఒక్కటే ఉంది. అయ్యగారు కండువాతో పలక మీద దుమ్ము తుడిచి, "పడుకోబెట్టండి," అన్నారు. పలక పడుకోబెట్టాం. మొదటి బిందె సరిగ్గా ఆయన పేరు మీద దిగింది. మా నాన్న పేరు అంచున ఉండటం వల్ల తడవడానికి కొంచెం టైము పట్టింది.

ఆదివారం

ఎస్తేరమ్మ గారు బస్సు దిగడం చూసి భయపడని కోడలు ఉండదు. మంగళగిరి చీర, కళ్ళజోడు, రెండు చేతుల్లో రెండు లీటర్ల బాటిళ్ళు. సొంత నీళ్ళు తెచ్చుకున్నారు. వెనకాల సుజాత, చంకలో పాప. దీనమ్మ పాప కోసం చేతులు చాచింది గానీ, ముందు వియ్యపురాలి మొహం చూసింది.

భోజనానికి కూర్చున్నాం. తెల్లటి అన్నం. పప్పు, గోంగూర. ఎస్తేరమ్మ గారు పప్పుని వేళ్ళతో మెదిపి చూసి, "కుక్కర్లో పెట్టావా?" అన్నారు.

"లేదు వదినా. తపేలాలోనే."

ఆవిడ రెండోసారి వేయించుకున్నారు. మూడోసారి కూడా. నేను గులాబీ సీసా జేబులో సిద్ధంగా పెట్టుకున్నాను, ఎవరూ అడగలేదు. భోజనం అయ్యాక ఆవిడ తన బాటిల్ మూత తీశారు. దీనమ్మ మొహం వాడిపోయింది. ఎస్తేరమ్మ గారు గుమ్మం బయటికి వెళ్ళి, ఆ మంగళగిరి నీళ్ళతో చెయ్యి కడుక్కున్నారు. లోపలికొచ్చి, బిందెలో గ్లాసు ముంచి, మొత్తం తాగారు.

"పది రోజులు," అన్నారు. "పదకొండో రోజు తీసుకెళ్ళిపోతా."

దీనమ్మ పాపని ఒళ్ళో పెట్టుకుని పప్పుకట్టు చెంచాతో నోట్లో పోసింది. అయ్యగారు ఆ క్షణానికి తగ్గ వాక్యం కోసం బైబిలు తెరిచారు. పాప పప్పుకట్టు మొత్తం అమ్మమ్మ జాకెట్టు మీద ఉమ్మేసింది. దీనమ్మ నవ్వింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోవడం మర్చిపోయింది.

ఇంటికొచ్చాక

మర్నాడు తిరుగు ప్రయాణంలో కూడా కనిగిరి కోట ఎక్కలేదు. కోటన్న సోమవారం గుడి టైముకి పెదకాకాని చేరాలన్నాడు. ఇంట్లో అమ్మ పప్పు పెడితే కుక్కరు మూడు కూతలకే దించేసింది. నేను మూత తీసి చూస్తూ నిలబడితే, "ఎప్పుడూ పప్పు మొహం చూడలేదా?" అంది.

మీలో ఎవరైనా అటు వెళ్తే, దయచేసి రిజిస్టరు తీసుకెళ్ళకండి. కందిపప్పు తీసుకెళ్ళండి.

నెల దాటాక దీనమ్మ ఫోన్ చేసింది. ప్లాంటు నడుస్తోందంట, నీళ్ళు చప్పగా ఉన్నాయన్న తాతే పొద్దున్నే మొదటి బిందె పెడుతున్నాడంట. పాప బాగుందా అన్నాను.

"ఇక్కడే ఉంది బాబూ, గోడ పట్టుకుని నిలబడుతోంది."

"పది రోజులన్నారుగా? ఎస్తేరమ్మ గారు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోవడమేంటి, ఆవిడా ఇక్కడే ఉంది. 'మీ ఊళ్ళో పప్పు రుచి వేరు వదినా' అంటోంది." అవతల గొంతు తగ్గింది. "నీళ్ళకి ఫిల్టరు తెచ్చారు, బాగానే ఉంది. ఈవిడకి సరిపోయేదేమన్నా ఉందేమో మీ అయ్యగార్ని అడుగు బాబూ."